నల్లగొండ దగ్గర భిక్షుణుల నివాసం: వర్షావాసం లోపు దాయకులం ఏమేం సిద్ధం చేయాలి?

దేవరకొండ రోడ్డు (ప్రశ్న):

జై భీమ్, నమో బుద్ధాయ.

నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో ఒక ఊరి చివర పాత డాబా ఇల్లు, చుట్టూ 600 గజాల జాగా ఒక దాత ఇస్తున్నారు. థేరవాద బౌద్ధ సంప్రదాయానికి చెందిన ముగ్గురు భిక్షుణులు, ఇంకా పూర్తి దీక్ష తీసుకోని ఒక శ్రామణేరి వచ్చి ఉండటానికి ఒప్పుకున్నారు. వానకాలం మూడు నెలలు ఒకేచోట ఉండే వర్షావాసం కోసం ఆషాఢ పున్నమి లోపు దిగాలి. వాళ్ల తిండి, అవసరాలు చూసే దాయకులం 14 కుటుంబాలం. భంతేలు (భిక్షువులు) వచ్చినప్పుడు ఒక పూట భోజన దానం చేయడం మాకు అలవాటే, ఏడాది పొడుగునా ఒక నివాసాన్ని నడపడమే కొత్త.

ఊరోళ్లు బియ్యం, పైసలు ఇస్తామని ముందుకొస్తున్నారు. వాటిని ఎట్లా తీసుకోవాలి? వంట ఇంట్లోనే పెట్టాలా, బయటా? ఫ్రిజ్ అవసరమా? బోరు ఉంది గానీ మా వైపు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఆస్తి, బ్యాంకు ఖాతా ఎవరి పేరు మీద ఉండాలి? పెద్దలేమో వర్షావాసం ముగిశాక సంఘానికి చీవరాలు (కాషాయ వస్త్రాలు) ఇచ్చే కఠిన చీవర దానం ఈ ఏడే ఘనంగా చేయాలంటున్నారు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

నందికొండ ఉపాసిక:

భోజనం సంగతి నేను చెప్తా, మిగతావి వేరేవాళ్లు చెప్తారు. భిక్షుణి నోరు తెరిచి అడగదు, రేపటికని దాచుకోదు, డబ్బు ముట్టదు. ఈ మూడు పనుల బరువూ మీ మీదే పడుతుంది. ఇంటికి సున్నం ఆలస్యమైనా నడుస్తుంది గానీ వంతుల పట్టిక, కప్పియ చూసే మనిషి (నియమం తప్పకుండా వాళ్ల తరఫున డబ్బు, వస్తువుల పని చూసే ఉపాసిక) లేకుండా మాత్రం ఒక్క వారం కూడా నడవదు.

బియ్యం వాళ్ల చేతికి ఇవ్వొద్దు. పచ్చి ధాన్యం స్వీకరించకపోవడం వాళ్ల నియమం. భిక్షుణి పాతిమొక్ఖంలో (వాళ్ల నియమాల పట్టికలో) పచ్చి ధాన్యం అడిగి తెచ్చుకుని వేయించి, దంచి, వండుకుని తినడం మీద ప్రత్యేకంగా ఒక పాచిత్తియమే (చేస్తే ఒప్పుకోవాల్సిన దోషం) ఉంది. మన ఊళ్లలో హరిదాసుకైనా జంగమయ్యకైనా చేటతో బియ్యం పోసే అలవాటు కాబట్టి అందరూ అదే చేయబోతారు. వద్దని తిప్పి పంపకండి. ఆ బియ్యం దాయకుల వంటగదికి చేరాలి, దాయకుల సొత్తుగానే ఉండాలి, వండినాకే అమ్మల (భిక్షుణుల) ముందుకు రావాలి.

అందుకే వంటగది వేరుగా కావాలి. వాళ్లు ఉండే ఇంటి లోపల రాత్రి నిల్వ ఉన్న తిండి, లోపల వండిన తిండి, వాళ్లు స్వయంగా వండుకున్నది, ఈ మూడూ వినయం (సంఘ నియమావళి) ప్రకారం పనికిరావు. ప్రహరీ లోపలే ఒక మూలకు 10 అడుగులకు 12 అడుగుల గది, దానికి సొంత తలుపు, తాళం ఉండాలి. తాళంచెవి ఉపాసికల దగ్గరే. ఇదే కప్పియ కుటి (తిండి నిల్వకు, వంటకు ఒప్పుకున్న గది) అని మొదటి రోజే అమ్మలతో చెప్పి ఖాయం చేసుకోండి. ఫ్రిజ్ కొంటే ఆ గదిలోనే పెట్టండి. అందులో ఉన్నదంతా మీదే కాబట్టి రేపటికి ఉన్నా దోషం లేదు. సమర్పించింది మాత్రం మళ్లీ ఫ్రిజ్‌లోకి పోకూడదు.

ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. సాయంత్రం ఎవరో భక్తితో వచ్చి డజను అరటిపండ్లు అమ్మ చేతిలో పెట్టి దండం పెట్టి పోతారు. అవి తెల్లారి వాళ్లలో ఎవరికీ పనికిరావు. గేటు పక్కనే ఒక బల్ల వేసి, "తిండి వస్తువులు వంటగదిలో ఇవ్వండి" అని బోర్డు పెట్టండి.

సమర్పించే పద్ధతి: చేయి చాపితే అందేంత దూరం, అంటే రెండున్నర మూరల లోపు నిలబడి, ఒక మనిషి ఎత్తగలిగేంత బరువున్న గిన్నెను చేత్తోగానీ గరిటెతోగానీ అందించాలి. బల్ల మీద పెట్టి "తీసుకోండమ్మా" అంటే సమర్పించినట్టు కాదు. అందుకున్నాక పిల్లలెవరైనా ఆ గిన్నె జరిపితే మళ్లీ అందించాల్సిందే. మొలకెత్తే గింజలున్న పండ్లు, టమాటా, జామ, బత్తాయి లాంటివి ఇచ్చే ముందు కత్తితో గాటు పెట్టి "కప్పియం" అనాలి. ఒకే పళ్లెంలో ఒకదానికొకటి తాకుతూ ఉంటే ఒక పండుకు గాటు పెడితే చాలు.

ఇక వంతులు. 14 కుటుంబాలను ఏడు జంటలు చేయండి, జంటకు వారంలో ఒక రోజు. ఒక వారం ఒకరు వండితే రెండోవాళ్లు ఆసరా, మరుసటి వారం అటుది ఇటు. ఈ కట్టుబాటు లేకపోతే ఆదివారం ఆరు క్యారియర్లు, బుధవారం ఒక్కటీ ఉండదు. వర్షావాసం మొదలయ్యేది సరిగ్గా నాట్ల రోజుల్లో, ముగిసేటప్పటికి పత్తి ఏరే పని. వ్యవసాయం ఉన్న ఇళ్లకు ఏ నెల కుదరదో ఇప్పుడే అడిగి రాసుకోండి. నలుగురికి, వడ్డించే ఇద్దరికి కలిపి పగటి భోజనానికి కిలో బియ్యం, పావుకిలో పప్పు, కిలోన్నర కూరగాయలు, లీటరు పాలు తోడేసిన పెరుగు లెక్క పెట్టుకోండి. పొద్దున ఆరున్నరకు జావనో ఉప్మానో. మూడు రోజులకు సరిపడా పొడి సరుకు వంటగదిలో ఎప్పుడూ ఉండాలి.

నెయ్యి, నూనె, తేనె, బెల్లం, చేప, మాంసం, పాలు, పెరుగు, ఈ ఎనిమిదీ జబ్బు చేయని భిక్షుణి తన కోసం అడగకూడదు. పెరుగు లేకుండా నెల గడిచినా నోరు మెదపరు. కాబట్టి దిగిన రోజే పవారణ (కావలసింది అడగమనే ఆహ్వానం) చెప్పండి: "అమ్మా, మందులు, పాలు, పెరుగు, ఏది అవసరమైనా మమ్మల్ని అడగండి." ఎంతకాలం, ఎంతవరకు అన్నది కూడా చెప్పాలి. గడువు చెప్పకుంటే మామూలుగా నాలుగు నెలలుగా తీసుకుంటారు, ఆ తర్వాత మళ్లీ చెప్పాలి. దాయకులు మర్చిపోయేది ఈ రెండోసారి చెప్పడమే.

చివరగా ఎల్లిగడ్డ (వెల్లుల్లి) తినడం. భిక్షుణి పాచిత్తియాల్లో మొట్టమొదటిదే అది. ఎల్లిపాయ కారం, ఎల్లిగడ్డ దట్టంగా దంచిన తొక్కులు పెట్టకండి. ఉల్లిగడ్డకు ఆ నిషేధం లేదు.

బోరుబావి:

నీళ్లు, ఇల్లు.

బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా ఒక్క గ్లాసు కూడా తాగించొద్దు. మోటారు పది నిమిషాలు నడిపి, లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో రెండుసార్లు కడిగి నింపండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలిసిపోయి లెక్క తప్పుతుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఇవ్వండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 1.5 దాటితే తాగడానికీ వంటకూ పనికిరాదు. ఎండాకాలం చివర ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చూడాలి, ఎందుకంటే అదే బోరులో అంకె మారుతుంటుంది.

కాచి తాగితే పోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కాస్తే నీళ్లు ఆవిరై మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. మన జిల్లా పేరుతోనే ఉన్న నల్లగొండ పద్ధతి, అదే పటిక, సున్నం కలిపి తేర్చేది, పెద్ద ట్యాంకు దగ్గర రోజూ నీటి క్షారం చూసి మోతాదు మార్చే మనిషి ఉన్నచోట పనిచేస్తుంది. ఇంట్లో చెంచా లెక్కన వేసేది కాదు.

భగీరథ నల్లా ఉంటే తాగడానికి, వంటకు కృష్ణా నీళ్లే వాడండి. పప్పు, అన్నం ఉడికేటప్పుడు పీల్చుకునేదీ నీళ్లే కదా, తాగే నీళ్లొక్కటే మారిస్తే చాలదు. ఆరుగురికి తాగను, వండను కలిపి రోజుకు 60 లీటర్లు. మొత్తం వాడకం మనిషికి 100 లీటర్లు అనుకుంటే 600. నల్లా రాని రెండు రోజులకు సరిపోయేలా 2000 లీటర్ల సంపు చాలు. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు వాడండి. రెండు పైపులూ ఎక్కడా కలవకూడదు, వంటగది నల్లాకు వేరే రంగు పైపు వేయించండి. బిందె మీద వడపోత బట్ట ఉండాలి. పురుగు ఉన్న నీళ్లు వాడకూడదనేది కూడా వాళ్ల నియమమే.

ఇంటి విషయంలో: ఊరికి ఆనుకుని ఉండటం మంచిదే, భిక్షుణులు అడవిలో ఉండకూడదు. ప్రహరీ ఏడు అడుగులకు తగ్గొద్దు. గదికి లోపలి నుంచి పైనా కిందా గొళ్లాలు, కిటికీలకు దోమల జాలీ. మరుగుదొడ్లు రెండు లోపల, వచ్చిపోయేవాళ్లకు ఒకటి గేటు దగ్గర. గుంత బోరుకు 15 మీటర్ల దూరంలో, నేల వాలు బోరు వైపు కాకుండా ఉండాలి. గోడ అవతలికి చెత్త విసరడం వాళ్లకు దోషం, కాబట్టి చెత్త డబ్బా, అది ఖాళీ చేసే మనిషి మీ పని.

డాబా మీద సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయండి, మార్చి రాకముందే. తర్వాత గదులు పెంచాలనుకుంటే రేకులు మాత్రం వద్దు. మే నెల మధ్యాహ్నం రేకుల కింద కూర్చుని ధ్యానం చేయమనడం శిక్ష వేయడమే.

నేల తవ్వడం, మొక్క తెంపడం వాళ్లు చేయకూడదు. గడ్డి పెరిగితే పాములు చేరతాయి. వానకాలంలో పదిహేను రోజులకోసారి గడ్డి కోయించే పని ఒకరి పేరు మీద రాసిపెట్టండి. ప్లంబరో కరెంటు మనిషో వచ్చినప్పుడు ఒక ఉపాసిక దగ్గరుండాలి. ఒంటరిగా మగవాళ్లతో ఉండకూడదనే నియమాలు వాళ్లకు చాలా ఉన్నాయి. ఆ ఇబ్బంది వాళ్ల మీదికి రానివ్వొద్దు.

పద్దు పుస్తకం:

ఆస్తి భిక్షుణి పేరు మీదా వద్దు, అధ్యక్షుడి పేరు మీదా వద్దు. సొసైటీ అయితే 2001 చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ట్రస్టు అయితే దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి. ఏదైనా ముందు సంస్థ పుట్టాలి, ఆ తర్వాతే దాత ఆ సంస్థ పేరు మీద గిఫ్ట్ డీడ్ రాయాలి. పాత ఇల్లు కాబట్టి ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీల పత్రం) తీయించండి, దాత పిల్లల సమ్మతి సంతకాలు తీసుకోండి. 600 గజాల్లో కొంత గ్రామకంఠం, కొంత సాగు భూమి అయ్యే అవకాశం ఎక్కువ. సాగు భూమి ముక్క ఉంటే నాలా మార్పిడి (సాగేతర భూమిగా మార్చడం) అయ్యాకే వంటగది కట్టండి. నివాసంగా ఉంచడం వేరు, ప్రార్థనా స్థలంగా కట్టడం వేరు, రెండోదానికి అనుమతుల దారి కూడా వేరు. పంచాయతీ కార్యదర్శిని ముందే కలవండి.

నియమావళిలో రెండు సంగతులు తప్పక రాయండి. ఇల్లు సంస్థది, వాడుక భిక్షుణీ సంఘానిది, లోపల ఎవరుండాలి అన్నది వాళ్ల నిర్ణయం. రెండోది, అక్కడ రాజకీయ సభలు, పుట్టినరోజు ఫంక్షన్లు జరగవు. ఈ రెండోది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఎన్నికల ఏడు వస్తే తెలుస్తుంది.

ఖాతాకు ముగ్గురు సంతకందారులు, ఏ ఇద్దరైనా చాలు, ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. 80జీ (విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు) వస్తుందని దాతలకు ముందే మాట ఇవ్వకండి. ఒక మతం వారికే పరిమితమైన సంస్థకు అది రాదు, మతపరమైన ఖర్చు ఆదాయంలో 5 శాతం దాటినా చిక్కే. వచ్చినా 2000 రూపాయలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు ఉండదు. విదేశాల్లో ఉన్న బంధువుల స్నేహితులు పంపుతామంటే ఆగమనండి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా విదేశీ విరాళం రూపాయి కూడా తీసుకోకూడదు. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సంపాదన నుంచి పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, ఆ తేడా చూసి రసీదు రాయండి. భిక్షుణుల్లో ఎవరైనా విదేశీయులైతే వచ్చిన 24 గంటల్లో వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో నింపాల్సింది ఇల్లు ఇచ్చిన మీరే.

డబ్బు ఇచ్చేవాళ్లు అమ్మల పాదాల దగ్గర కవరు పెట్టకుండా చూడండి. డబ్బు కప్పియ చూసే ఆవిడకు ఇచ్చి, "ఇంత విలువకు మీకు కావలసిన వస్తువులు ఫలానా ఆవిడ తెస్తారు" అని అమ్మకు చెప్పాలి. ఆ తర్వాత భిక్షుణి కప్పియ మనిషిని మూడుసార్లు నోటితో గుర్తు చేయొచ్చు, ఆరుసార్లు మౌనంగా వచ్చి నిలబడొచ్చు, అంతే. అప్పటికీ రాకపోతే దాతకే కబురు పంపి "మీ సొమ్ము మీరు వెనక్కి తీసుకోండి" అనాలి. ఫోను ఎత్తని మనిషిని ఆ పనిలో పెట్టకండి.

పాలమూరు పున్నమి:

ఎల్లిగడ్డ గురించి అక్క చెప్పినదానికి చిన్న చేర్పు. వినయ విభంగంలోనే (నియమాలను వివరించే గ్రంథంలోనే) పప్పులో, కూరలో, నూనెలో కలిసి ఉడికినదానికి ఆపత్తి (దోషం) లేదని ఉంది. పోపులో రెండు రెబ్బలు పడితే గిన్నె వెనక్కి తీసుకుపోనక్కర్లేదు. కొందరు అమ్మలు అదీ తినరు, అడిగి తెలుసుకోవడమే.

మధ్యాహ్నం అంటే గడియారంలో పన్నెండు కాదు, సూర్యుడు నడినెత్తికి రావడం. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, నల్లగొండ దానికి పడమరగా ఇంచుమించు 79.3 దగ్గర ఉంది. అందుకే నల్లగొండలో నడిపొద్దు సగటున 12:13కు. ఫిబ్రవరి మధ్యలో 12:27 దాకా పోతుంది, నవంబరు మొదట్లో మాత్రం 11:57కే అయిపోతుంది. మహబూబ్‌నగర్‌లో ఇంకో ఐదు నిమిషాలు కలుపుకోవాలి. తినడం ఆ లోపు ముగియాలి, మొదలవడం కాదు. ఏడాదంతా ఒకే కొలత కావాలంటే పదకొండుకు వడ్డన మొదలుపెట్టండి. పదకొండున్నరకు క్యారియర్ వస్తే ఫిబ్రవరిలో ఏమీ కాదు, కార్తీకంలో అమ్మలు సగం అన్నంతో లేస్తారు.

మధ్యాహ్నం తర్వాత పాలు పోసిన చాయ్, మజ్జిగ, అంబలి, కొబ్బరినీళ్లు, ఏవీ ఇవ్వకూడదు. ఇంటికొచ్చినవాళ్లకు చాయ్ పోయకుండా పంపని ఊళ్లు మనవి కాబట్టి ఇది అందరికీ గట్టిగా చెప్పాలి. బత్తాయి రసం గుజ్జు లేకుండా గుడ్డలో వడకట్టి, కాచకుండా ఇవ్వొచ్చు, తెల్లారే దాకా పనికొస్తుంది. నల్లగొండలో బత్తాయికి కరువా? పుచ్చకాయ, తాటి లాంటి పెద్ద కాయల రసం మాత్రం కుదరదు. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం సమర్పించిన రోజు నుంచి ఏడు రోజులు ఉంచుకోవచ్చు, సీసా మీద తేదీ చీటీ అంటించండి. శొంఠి, మిరియాలు, పసుపు, ఉప్పు లాంటివి మందుగా ఎన్నాళ్లయినా ఉంటాయి. అయితే శొంఠి బెల్లం కలిపి ఉండ కడితే దానికీ ఏడు రోజులే.

దేవరకొండ రోడ్డు:

అందరికీ దండాలు. ఇంకో రెండు అడుగుతా. అమ్మలు వారానికోసారి ఊళ్లోకి భిక్షకు వస్తామంటున్నారు, ఊరోళ్లకు ఏం చెప్పాలి? కఠినం సంగతి ఎవరూ చెప్పలేదు.

నందికొండ ఉపాసిక:

భిక్షకు: ముందు రోజు ఇంటింటికీ ఒక ఉపాసిక పోయి, వండిన తిండి మాత్రమే వేయాలని, గుప్పెడన్నం, ఒక రొట్టె ముక్క చాలని చెప్పి రావాలి. వాకిట్లో నిలబడతారు, పిలవరు, పాడరు, కాసేపు చూసి వెళ్లిపోతారు. ఇచ్చేవాళ్లు చెప్పులు విడవాలి. పచ్చిపులుసు, చారు లాంటివి పాత్రలో పోస్తే అన్నీ కలిసిపోతాయి. వెంట ఒక ఉపాసిక స్టీలు క్యాన్ పట్టుకుని నడవాలి. బియ్యం, చిల్లర వచ్చేదీ అప్పుడే, అవి తీసుకునే సంచి కూడా ఆవిడ దగ్గరే ఉండాలి. భిక్షుణి ఒంటరిగా ఊళ్లోకి పోకూడదు. జ్వరమో ఏదో వచ్చి తోడుగా పోయే రెండో భిక్షుణి లేకపోతే ఆ రోజు భిక్ష లేదనుకోండి, వంట సిద్ధంగా ఉంచండి.

కఠినానికి కనీసం ఐదుగురు భిక్షుణులు కావాలి. మీ దగ్గర ముగ్గురు, శ్రామణేరి లెక్కలోకి రాదు. కాబట్టి ఈ ఏడు పెద్ద పందిరి, పాంప్లెట్లు పెట్టుకోకండి. ఆశ్వయుజ పున్నమి దాటాక మామూలు చీవర దానం చేయొచ్చు, పుణ్యానికేం తక్కువ కాదు. దుకాణంలో దొరికే కాషాయం గుడ్డ తెస్తే మూలన పడుతుంది. చీవరం ముక్కలుగా కోసి కుట్టాలి, రంగు కూడా వాళ్ల సంప్రదాయాన్ని బట్టి ఉంటుంది. భిక్షుణికి మూడు చీవరాలతో పాటు రొమ్ము గుడ్డ, స్నానపు గుడ్డ కలిపి ఐదు. తెల్ల నూలు గుడ్డ, కొలత, రంగు అడిగి ఇవ్వడం మేలు.

పెద్దలు పట్టుబడితే నాగార్జునకొండ సంగతి చెప్పండి. అక్కడ ఉపాసిక బోధిసిరి శాసనంలో చైత్యగృహమే కాదు, తవ్వించిన చెరువు, కట్టించిన మండపాలు కూడా వరుసగా ఉన్నాయి. మీ ఊళ్లో ఆ చెరువు వంతు సంపుది, పందిరి పైసలు దానికి పెట్టమనండి.

పాలమూరు పున్నమి:

తేదీ ఒకటి సరిచూసుకోండి. వర్షావాసం ఆషాఢ పున్నమి మర్నాడు మొదలవుతుంది, అయితే అధిక మాసం వచ్చిన ఏడు మన పంచాంగం, శ్రీలంక, థాయ్ పంచాంగాలు ఒక నెల ఎడం కావచ్చు. 2023లో మనకు ఆషాఢ పున్నమి జూలై 3న, వాళ్లకు ఆగస్టు 1న వచ్చింది. అమ్మలు దేన్ని పాటిస్తారో ఇప్పుడే అడగండి. అట్లనే వర్షావాసంలో భిక్షువులు దగ్గర్లో ఉండాలని, పక్షానికోసారి వాళ్ల నుంచి ఉపోసథ (పక్షానికోసారి నియమాలు చదివే రోజు) తేదీ, ఉపదేశం తీసుకోవాలని భిక్షుణులకు నియమం ఉంది. భంతేలను పిలిపిస్తారా, వాళ్లుండే సికింద్రాబాద్ దాకా పోయి వస్తారా అన్నది వాళ్లు తేల్చుకుంటారు. పోయి రావాలంటే మాత్రం నెలకు రెండుసార్లు కారు, వెంట ఒక ఉపాసిక, డ్రైవరు ఖర్చు మీ పద్దులో ఉండాలి. ఆ రెండు రోజులు పగటి భోజనం ఎక్కడ అన్నది కూడా పట్టికలో రాసుకోండి, పదకొండు గంటలకు వాళ్లు దారిలో ఉంటారు.